కదలిన పన్ను, కరగిన యెముక



మా తండ్రిగారు మున్నేటి యొడ్డున నున్న మా గ్రామములో ప్రతి కార్తికమాసమునందును రామాలయపు మంటపమున పురాణము చెప్పుచుండెడివారు. నందిగామ వైపునుండియు పెనుగంచిప్రోలు వైపునుండియు బండ్లు కట్టుకొని వచ్చి వినువారుండెడివారు. ఆయనకు ఏబదియైదవ యేట పైవరుసలోని ముందుపండ్లు నాలుగును, ఒకదాని వెనుక నొకటి, ఏ బాధయు లేకయే కదలి ఊడిపోయినవి. పుచ్చిన పండ్లు కావవి. ఊడినపిదప చేతిలోనికి తీసికొని చూచితిమి. ఒక్క మచ్చ యైనను లేదు. ఆ కార్తికమున పురాణమధ్యమున ‘దశరథుడు’ అను మాట వచ్చినప్పుడు ఆయన నోట గాలియే వచ్చెను గాని అక్షరము రాలేదు. ముందు కూర్చున్న పిల్లలు కిసుక్కున నవ్విరి. పెద్దలు వారిని గద్దించిరి. మా తండ్రిగారు మాత్రము పుస్తకము మూసి, దానికి బట్ట చుట్టి, ఇంటికి వచ్చివేసిరి. మరల ఆ మంటపపు మెట్లెక్కలేదు.

త, థ, ద, ధ, న, ల, స యను నేడక్షరములకు దంతములే స్థానమని వ్యాకరణము చదువుకొన్న ప్రతి బాలునకును తెలియును. చదువుకొన్నవానికి పన్ను పోవుట యనగా నమలుట పోవుట మాత్రమే కాదని నాకు ఆనాడు తెలిసినది. ఏల పోయినవని అడిగిన, ఊరివారందరును చెప్పినది ఒక్కటే మాట: ‘వయస్సు వచ్చినది, రాలినవి.’ ఆ మాట నిజము కాదని తెలిసికొనుటకు నాకు నలువదియేండ్లకు పైగా పట్టినది. అదియు నా పండ్లు కదలుట మొదలిడినపిదపనే.

నేను భాషాప్రవీణ చదివి, జిల్లాపరిషత్తు ఉన్నతపాఠశాలలలో తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. వైద్యుడను కాను. కాని నా అరువదిరెండవ యేట, ఉదయమున వేపపుల్లతో పండ్లు తోముకొనుచుండగా, పుల్ల చివర నెత్తురు కనబడెను. అద్దములో చూచుకొనగా పైముందుపన్ను ఒకటి నిడుపుగా సాగినట్లున్నది. పన్ను సాగదు గదా! చిగురు వెనుకకు తగ్గినది. దిగువ కుడివైపు దవడపన్ను నాలుకతో నెట్టిన మెల్లగా కదలుచున్నది. పట్టణమున ఒక వైద్యుడు చూచి, ‘అన్నియు తీయించి కట్టుడుపండ్లు పెట్టించుకొనుడు, పీడ వదలును’ అనెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మంటపమున మూతపడిన పుస్తకమే కన్నులకు కట్టినది. నాటినుండి ఈ వ్యాధి చరిత్ర నంతయు వెదకుట కారంభించితిని. నేటి నా ప్రసంగము ఆ వెదకుటయొక్క ఫలమే.

ముందుగా వ్యాధి యెట్టిదో చెప్పెదను. మా ప్రాంతము 2022వ సంవత్సరమున ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి వచ్చినను, మా నోటికి కృష్ణాజిల్లా మెరక యనియే వచ్చుచున్నది. ఆ మెరకవారు మున్నేటి గట్టున నిలిచిన తుమ్మచెట్లను చూచియే యుందురు. వరద వచ్చినప్పుడెల్ల గట్టు కొంత కోసికొని పోవును. చెట్టు పచ్చగానే యుండును, కొమ్మ విరుగదు, ఆకు వాడదు. ఒకనాడు వేళ్లు బయటపడి, గాలి లేకున్నను చెట్టు ఒరగిపోవును. పంటికి గట్టు దవడయెముక. పంటివేరునకును ఆ యెముకకును నడుమ సన్నని నారలు కలవు. పన్ను ఆ నారలతో యెముకకు వ్రేలాడగట్టబడి యున్నది. వేరు పైని సిమెంటువంటి పలుచని పూత యుండును. నారలయొక్క ఒక కొన ఆ పూతలోను, రెండవ కొన యెముకలోను నాటుకొని యుండును. చిగురు ఈ యంతటిని కప్పిన తోలు. పంటిపై ప్రతిదినమును పట్టు జిగట పాచిని తీయనిచో, కొన్నాళ్లకు అది గట్టిపడి గార యగును. పాచిలోని సూక్ష్మజీవులపై మన శరీరము పోరు సలుపును. ఆ పోరు సంవత్సరములతరబడి సాగుటచే చిగురు పంటినుండి విడి సంచివలె నేర్పడును, నారలు తెగును, యెముక కరగి దిగువకు పోవును. శత్రువు తగులబెట్టిన దానికంటె, శత్రువును తరుముటలో మన సైన్యము తగులబెట్టిన యిండ్లే ఎక్కువ యన్నమాట. దీనినే మన పెద్దలు పయోరియా యనిరి.

మన పూర్వులకు ఈ వ్యాధి తెలియదా? బాగుగనే తెలియును. సుశ్రుతసంహితలో నిదానస్థానమున ముఖరోగములు అరువదియైదని లెక్క పెట్టబడినవి. వానిలో పెదవులవి యెనిమిది, దంతమూలములవి పదునైదు, దంతములవి యెనిమిది, నాలుకవి అయిదు, తాలువువి తొమ్మిది, కంఠమువి పదునేడు, నోరంతటిని పట్టునవి మూడు. వాగ్భటుడు మొత్తము డెబ్బదియైదనియు, అందు దంతమూలములవి పదుమూడనియు చెప్పెను. లెక్కలు భేదించినను, పంటిరోగము వేఱు, పంటిమూలపు రోగము వేఱు అని ఇరువురును విడదీసిరి. ఈ భేదమే ముఖ్యము. మా తండ్రిగారి పండ్లు చెక్కుచెదరకయే ఊడినవని చెప్పితిని గదా. సుశ్రుతుని శిష్యుడెవడైన చూచినచో అది దంతమూలరోగమని వెంటనే చెప్పియుండును. చీమును నెత్తురును కారుచు పండ్లు కదలుటకు దంతవేష్టమని పేరు. చిగుళ్లు మండుచు, పక్వమగుచు, కొంచెము తాకినంతనే నెత్తురు కారుచు, పండ్లు కదలుచు, నోరు కంపు కొట్టుచుండిన ఉపకుశమని పేరు. నేను వేపపుల్ల చివర చూచిన నెత్తురునకు రెండువేల సంవత్సరముల క్రిందటనే పేరున్నదన్నమాట.

చికిత్సయు సామాన్యమైనది కాదు. దంతవేష్టమున చెడునెత్తురు తీసి, లొద్దుగచెక్క, యష్టిమధుకము, లక్క మొదలగువాని పొడిని తేనెతో కలిపి చిగుళ్లకు రాయవలెననియు, పాలుగల చెట్ల కషాయముతో, అనగా మఱ్ఱి, రావి, మేడి, జువ్వి పట్టల కషాయముతో, పుక్కిలింపవలెననియు విధించిరి. ఉపకుశమున గరుకైన ఆకులతో చిగురును రుద్ది నెత్తురు తీయుమనిరి. గారను దంతశర్కర యనిరి. దానిని దంతశంకువను పనిముట్టుతో తీయవలెనని చెప్పి, చిగుళ్లకు గాయము కాకుండ తీయవలెనని ప్రత్యేకముగా హెచ్చరించిరి. నేడు బెజవాడలో కుర్చీలో పరుండబెట్టి గార తీయు వైద్యులకును గురువులు నేర్పు మొదటి మాట ఇదియే.

ఇంతమాత్రముచేత, కరగిన యెముకను మరల పెంచు విద్య సుశ్రుతునికి తెలియునని నేను చెప్పజాలను. అన్నియు మన గ్రంథములలోనే యున్నవనువారు నా మిత్రులలోను కలరు. వారికి నా మనవి యేమనగా, సుశ్రుతుడు చూచినది సుశ్రుతునికిచ్చుటకు మనము వెనుకాడరాదు. చూడనిది ఆయన నెత్తిన పెట్టుట ఆయనకు గౌరవము కాదు. ఎక్స్‌కిరణములు లేని కాలమున చిగురు క్రింద యెముక యెట్లున్నదో బ్రదికియున్నవానియందు చూచుట ఎవ్వరికిని సాధ్యము కాదు. కాని యొక్క సూత్రము మాత్రము మనదేశముననే పుట్టినది: ఒకచోట పోయిన మాంసమును అదే మనిషి దేహమునుండి తెచ్చి పూరింపవచ్చు ననునది. తెగిన ముక్కును ప్రక్కతోలుతో నతుకు విధానము సుశ్రుతములో నున్నది. ఆ విద్య మహారాష్ట్రదేశమున పరంపరగా నిలిచి, పూనాదగ్గర కవాస్‌జీ యను బండివానికి ముక్కు కుట్టగా ఆంగ్లేయవైద్యులు చూచిరి. ఆ వృత్తాంతము 1794వ సంవత్సరమున లండనులో జెంటిల్‌మన్స్ మాగజీన్ అను పత్రికలో అచ్చుపడి, ఐరోపావైద్యులను ఆశ్చర్యపఱచినది. కండము అతికినదన్నప్పుడు యెముక ఏల అతుకరాదను ప్రశ్న తరువాతివారికి పుట్టుట సహజమే.

పాశ్చాత్యులలో దంతవైద్యమును ఒక శాస్త్రముగా కూర్చినవాడు ఫ్రాన్సుదేశపు పియరీ ఫోషార్. ఆయన గ్రంథము 1728లో వెలువడినది. కాని మన కథకు ముఖ్యుడు అమెరికాలో హార్ట్‌ఫర్డు నగరవాసి యగు జాన్ రిగ్స్. ఈయన పేరు వేఱొక సందర్భమునను చరిత్రకెక్కినది. 1844వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన హోరేస్ వెల్స్ అను దంతవైద్యుడు నవ్వుగాలి యనబడు నైట్రస్ ఆక్సైడును తానే పీల్చి, తన దవడపంటినే తీయుమని కూర్చుండగా, పట్టుకారు చేతబట్టి పన్ను తీసినవాడు ఈ రిగ్స్. మత్తునిచ్చి శస్త్రము చేయు విద్యకు అది ప్రారంభములలో నొకటి. ఆ రిగ్స్ పిమ్మట పండ్లు కదలు వ్యాధిని జీవితమంతయు పరిశీలించెను. ఆ కాలమువారు చిగురును కత్తిరించివేయుటయే చికిత్స యనుకొనుచుండిరి. రిగ్స్ దానిని ఖండించి, దోషము చిగురునందు లేదు, పంటివేరుపై పట్టిన గారయందున్నది, సన్నని పనిముట్లతో చిగురు క్రిందికి పోయి వేరును గీకి శుభ్రపఱచిన చిగురు తానే మానును, అని వాదించెను. 1876లో ఈ విషయమును అచ్చు వేయించెను. అమెరికాలో ఆ జబ్బునకు చాలకాలము రిగ్స్ జబ్బు అనియే పేరుండెను. ఒక వైద్యుని పేరు జబ్బునకు పెట్టుట గౌరవమో అగౌరవమో నాకు తెలియదు.

1895లో రాంట్‌గెన్ ఎక్స్‌కిరణములను కనుగొనెను. మఱుసటి సంవత్సరము మొదటిలోనే పండ్లకు చిత్రములు తీసిరి. చిగురు క్రింద యెముక ఎంత కరగినదో, నిలువుగా గుంటపడినదో, అడ్డముగా అంతటను సమముగా తగ్గినదో, అప్పటినుండి కంటికి కనబడుట మొదలయ్యెను. ఈ నిలువు, అడ్డము అను భేదమును శ్రోతలు జ్ఞాపకముంచుకొన వలయును. నా కథలో దీనితో పని యున్నది.

ఇంతలో ఒక విపరీతము జరిగినది. 1910లో విలియం హంటర్ అను ఆంగ్లేయవైద్యుడు కెనడాలోని మాంట్రియల్ నగరమున ఉపన్యసించుచు, దేహములోని అనేక రోగములకు నోటిలోని చీమే మూలమని ఘోషించెను. అందు కొంత సత్యము లేకపోలేదు. కాని వైద్యులు తొందరపడి, కీళ్లనొప్పి యన్నను కడుపునొప్పి యన్నను పండ్లన్నిటిని పెరికివేయుట మొదలిడిరి. ముప్పదియేండ్లకు పైగా గట్టిపండ్లు సైతము లక్షలాదిగా పోయినవి. నాకు ‘అన్నియు తీయించుకొనుడు’ అని చెప్పినవాని నోట పలికినది బహుశః ఆ పాత ఉపన్యాసపు ప్రతిధ్వనియే యని నాకు తరువాత తోచినది.

పాచియే మూలమని నిస్సందేహముగా రుజువు చేసినవాడు నార్వేదేశీయుడగు హెరాల్డ్ లో. 1965లో ఆయన డెన్మార్కులో పండ్రెండుగురు ఆరోగ్యవంతులచేత పండ్లు తోముట మాన్పించెను. మూడు వారములలోపల అందరి చిగుళ్లును వాచి నెత్తురు కారినవి. మరల తోముట మొదలిడగా కొద్దిదినములలోనే మానినవి. పరీక్ష ఇంత సులభమైనది. ఇన్నివేల సంవత్సరములు ఎవ్వరికిని తోచలేదు. ఆయనయే పిదప సింహళద్వీపమునకు వచ్చి, తేయాకు తోటలలో పనిచేయు 480 మంది పురుషులను 1970నుండి పదునైదేండ్లు కనిపెట్టి చూచెను. వారు దంతవైద్యుని ఎరుగరు. పండ్లు తోము అలవాటును లేదు. అందరికిని పాచియు గారయు సమృద్ధిగానే యున్నవి. అయినను నూటికి ఎనమండుగురకు మాత్రము వ్యాధి మిక్కిలి వేగముగా సాగినది, ఎనుబదియొక్కరికి మధ్యమముగా, పదునొకండుగురకు చిగుళ్ల వాపు తప్ప ముదరనే లేదు. మన గ్రామములలో పెద్దలు తరచుగా, ‘మా తాత కచ్చికతో తోముకొని తొంబదియేండ్లకు చెఱకు నమిలెను, ఇప్పటి వైద్యములెందుకు?’ అందురు. ఆ తాత ఆ పదునొకండుగురలోనివాడు. ఎనమండుగురలోనివాడు చెఱకు మాట యెత్తక ఇంటిలో ఊరకుండెను గనుక మనకు వాని కథ తెలియదు.

ఈ చరిత్రలో మన తెలుగువాని పాలు కలదు. 1895లోనే, రాంట్‌గెన్ కిరణములు కనబడిన సంవత్సరముననే, భీమవరమున యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. ఆయన మద్రాసులో వైద్యము చదివి, అమెరికాకు పోయి, 1925లో హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తము మొదలగువానిలోని భాస్వరమును కొలుచు ఒక పద్ధతిని ప్రకటించెను. యెముకయొక్క గట్టిదనమంతయు సున్నమును భాస్వరమును కలిసిన లవణమువలననే గదా! యెముకకు సంబంధించిన పరిశోధనలలో ఫిస్క్–సుబ్బారావు పద్ధతి ఎన్నియో దశాబ్దములు నిత్యము ఉపయోగింపబడినది. పిమ్మట ఆయన లెడర్లీ సంస్థలో పరిశోధనాధిపతి యయ్యెను. ఆయన యాజమాన్యమున బెంజమిన్ డుగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మన్నులోని బూజులను వెదకి వెదకి, ఆరియోమైసిన్ అను ఔషధమును కనుగొనెను. అది లోకమునకు తెలిసినది 1948లో. సుబ్బారావుగారు అదే సంవత్సరమున ఆగస్టుమాసమున గతించిరి. డుగ్గర్ విశ్వవిద్యాలయమునుండి విశ్రాంతి పొంది, డెబ్బది దాటినపిదప ఈ పని చేసినాడన్న సంగతిని విశ్రాంతోపాధ్యాయుడనగు నేను ప్రత్యేకముగా గుర్తుపెట్టుకొంటిని.

ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ వర్గపు మందులలో మొదటిది. ఈ వర్గపు మందులకు సున్నముపై ప్రీతి. పెరుగుచున్న యెముకలోను పంటిలోను పోయి నిలుచును. అందుచేతనే ఎనిమిదేండ్లలోపు పిల్లలకిచ్చిన పండ్లు పసుపుపచ్చబారును, గర్భిణులకును ఈయరాదు. కాని 1983లో అమెరికాలో లోర్న్ గోలబ్ అను ఆయన వింతయైన గుణము నొకటి కనిపెట్టెను. మధుమేహము గల ఎలుకలకు ఈ వర్గపు మందునీయగా, చిగుళ్లలోని నారలను తినివేయు ఒక పదార్థము అణగిపోయినది. సూక్ష్మజీవులే లేకుండ పెంచిన ఎలుకలలోను అట్లే జరిగినది. అనగా శత్రువును చంపుట యొక్కటే కాదు, ఇందాక చెప్పిన మన సైన్యపు ఆగడమును కూడ అది ఆపుచున్నది. ఆ యూహతో డాక్సీసైక్లిన్‌ను 20 మిల్లీగ్రాముల చిన్నమోతాదున చిగుళ్లవ్యాధికి 1998లో అమెరికా ప్రభుత్వము అంగీకరించినది. నేను మధుమేహము గలవాడను. కావున ఎలుకలసంగతి యని దీనిని త్రోసివేయలేకపోయితిని.

ఇక కరగిన యెముకను మరల తెచ్చుట. 1918లో స్వీడనుదేశీయుడు విడ్మన్ చిగురును కత్తిరించి పారవేయక, తలుపువలె తెరచి, లోపల శుభ్రపఱచి, మరల మూసి కుట్టు పద్ధతిని ప్రకటించెను. తలుపు తెరచినపిదప గుంట కనబడుచున్నది. గుంట కనబడినచో పూడ్చవలెనని ఎవరికైనను తోచును. 1923లో హెగెడూస్ అను వైద్యుడు యెముకనే తెచ్చి యెముకగుంటలో నింపెను. తరువాతివారు తుంటియెముక మజ్జను, పశువుల యెముకపొడిని, సున్నపు లవణములను, ఒకదాని వెనుక నొకటి పరీక్షించిరి. 1965లో లాస్ ఏంజెలెస్ నగరమున మార్షల్ యూరిస్ట్ సున్నము తీసివేసిన యెముకముక్కను జంతువు కండలో పాతిపెట్టగా, కండనడుమ క్రొత్తయెముక పుట్టినది. యెముకలో యెముకను పుట్టించు బీజమున్నదని తేలినది.

అయినను చిక్కు తీరలేదు. గుంట నిండినట్లు చిత్రములో కనబడును. కోసి పరీక్షించిన, ఆ యెముకకును పంటికిని నడుమ నారలుండవు. చిగురుతోలు సన్నగా దిగి వచ్చి వేరును చుట్టుకొని యుండును. గోడ కట్టిరి గాని దూలము గోడమీద ఆనలేదు. దీనికి కారణమును 1976లో మెల్చర్ అను పండితుడు ఊహించెను. గాయము మానునప్పుడు ఏ జాతి కణము ముందుగా వేరును చేరునో, ఆ జాతిదే అచట రాజ్యమగును. తోలుకణము అన్నిటికంటె వేగముగా పరుగెత్తును. మన రైతులకు ఇది క్రొత్తసంగతి కాదు. మిరపనారు పోసిన మడిలో తుంగయు గరికయు ముందుగా అల్లుకొనిన, నారు లేవదు. భూమి లోపము కాదది, విత్తనము లోపమును కాదు. ముందు వచ్చినదెవరన్నదే ప్రశ్న.

ఈ యూహను కార్యమునందు చూపినవారు స్వీడనులో గోథెన్‌బర్గు నగరమున స్టూర్ నైమన్, యాన్ లిండే, కారింగ్ మొదలగువారు. 1982లో వారు వ్యాధి ముదిరిన ఒక మనిషి దిగువ ముందుపంటిని ఎన్నుకొనిరి. చిగురు తెరచి, వేరు శుభ్రపఱచి, చిగురునకును వేరునకును నడుమ సన్నని పొర నొకదానిని తెరవలె అడ్డముగా పెట్టి కుట్టివేసిరి. తోలుకణములు తెర దాటి రాలేవు. తెర వెనుక, నిదానముగా నడచు నారకణములకు వేరును చేరుటకు అవకాశము చిక్కినది. మూడుమాసములపిదప ఆ పంటిని చుట్టుయెముకతోకూడ తీసి సూక్ష్మదర్శినిలో చూడగా, పోయినచోట క్రొత్తపూతయు, దానిలో నాటుకొనిన క్రొత్తనారలును కనబడినవి. మనుష్యునిలో అట్టిది స్పష్టముగా కనబడుట అదియే ప్రథమము. ఆ పన్ను ఇచ్చినవాని పేరు నేను చదివినచోట లేదు. ఆ యజ్ఞాతునకు నేను మనస్సులో ఒకమారు నమస్కరించితిని. తాను నిలుపుకొనలేకపోయిన పంటితో ఇతరుల పండ్లను నిలిపినాడు.

తరువాతివి వేగముగా వచ్చినవి. కరగని తెరలకు మారుగా కరగిపోవు తెరలు వచ్చినవి. 1997లో స్వీడనువారు పందిపిల్లల పెరుగుచున్న పండ్లనుండి తీసిన మాంసకృత్తుల జిగురుతో నారలు పుట్టించు మార్గము ప్రకటించిరి. 2001లో ఫ్రాన్సుదేశపు షుక్రూన్ రోగి రక్తమునే కొంత తీసి, ఏ మందును కలుపక, గొట్టములో పోసి వేగముగా త్రిప్పి, నడుమ పేరుకొను మెత్తని గడ్డను గుంటలో పెట్టు పద్ధతి చూపెను.

మనదేశమున ఈ విద్యకు బడులు ఆలస్యముగా వచ్చినవి. 1920లో కలకత్తాలో రఫీయుద్దీన్ అహమ్మదుగారు మొదటి దంతవైద్యకళాశాలను స్థాపించిరి. తెలుగునాట ప్రభుత్వకళాశాల హైదరాబాదులో 1959లో ఏర్పడినది. నేడు బెజవాడలోను ప్రభుత్వ దంతకళాశాల కలదు. మా తండ్రిగారి కాలమున జగ్గయ్యపేటనుండి బెజవాడకు నలువదియైదు మైళ్లకు పైగా పోయి, కదలు పంటిని నిలుపుడని అడుగువాడెవడును లేడు. పన్ను తీయించుకొనుటకు సంతలో పట్టుకారు పట్టుకొని కూర్చున్నవాడు చాలును.

నేను బెజవాడ పోయితిని. నన్ను చూచిన దంతవైద్యురాలు నా పూర్వశిష్యుని కుమార్తెయట. నోరు తెరువుమని చెప్పుటకే మొదట సంకోచించినది. సన్నని గీతలకొలతతో పంటిపంటికిని సందులోతు కొలిచినది. మూడు మిల్లీమీటర్లవరకు ఆరోగ్యము. నా దవడపంటి వెనుక ఎనిమిది వచ్చినది. చిత్రములో అక్కడ యెముక నిలువుగా బావివలె దిగియున్నది, మూడువైపుల గోడలు నిలిచియున్నవి. ‘ఇది మంచి గుంట మాస్టారూ, గోడలున్న గుంటలో యెముక పెరుగుతుంది’ అన్నది. గుంటలోను మంచిచెడ్డలున్నవని ఆనాడు తెలిసినది. నాకు కావలసినది మాత్రము ముందుపన్ను. దానిచుట్టు యెముక అడ్డముగా, అంతటను సమముగా తగ్గినది. గోడలు లేనిచోట నింపినది నిలువదనియు, దానిని శుభ్రపఱచి ప్రక్కపండ్లతో కలిపి కట్టుట తప్ప చేయదగినది లేదనియు చెప్పినది. నమలు పంటికి మరల గట్టు వేయవచ్చును గాని, పలుకు పంటికి వేయరాదట! ఆ మాటకు నేను చాలసేపు మాటలాడలేదు.

పిదప, శస్త్రము ఇప్పుడు కాదు, ముందు చక్కెర తగ్గవలెనన్నది. మూడుమాసముల సగటు తొమ్మిది దాటియున్నది. చక్కెర ఎక్కువయున్న దేహమున గాయము మానదు. చిగుళ్లచీము ఉన్న దేహమున చక్కెర తగ్గదు. రెండును ఒకదాని నొకటి మేపుచుండునట. చుట్టగాని పొగాకు గాని యున్నదా యని అడిగినది. తాంబూలములో పొగాకు వేసికొను అలవాటు ముప్పదియేండ్లనుండి యున్నదని ఒప్పుకొంటిని. పొగాకు చిగుళ్లకు నెత్తురు రానీయదు, అందుచేత వ్యాధి దాగియుండును, పెట్టిన యెముకయు అతుకదు, అని చెప్పి, మానినగాని కత్తి పట్టనన్నది. నాలుగు మాసములు పట్టినది. నలువదియేండ్లు పిల్లలను దండించిన నేను ఒక పిల్లచేత దండింపబడితిని.

ఇంకొక ప్రశ్న వచ్చినది. గుంటలో నింపు పొడి ఆవుయెముకనుండి తీసినది కావచ్చును, మరణించిన మనుష్యుడు దానమిచ్చినది కావచ్చును, కృత్రిమముగా చేసిన సున్నపు లవణము కావచ్చును. ‘ఏది పెట్టమంటారు మాస్టారూ? ఇష్టములేనిది పెట్టము’ అని తానే అడిగినది. ఆవుయెముక నోటిలో ధరించి వేదాద్రి నరసింహుని యెదుట స్తోత్రము చదువుటకు నా మనస్సు ఒప్పలేదు. ఇది శాస్త్రమా సంస్కారమా యని నన్నడుగవలదు. కృత్రిమపు లవణమును, నా రక్తపు గడ్డయు చాలునంటిని. శ్రోతలలో ఎవరికైన అట్టి అవసరము వచ్చినచో, ఆ పొడి దేనిదని ముందుగా అడుగుటలో తప్పు లేదు, వైద్యులు చెప్పుదురు.

గడచిన మాఘమాసమున శస్త్రము జరిగినది. చిగురునకు మత్తు సూది వేసిరి, మెలకువగానే యుంటిని. చేతినుండి నెత్తురు తీసి యంత్రములో పదినిమిషములు త్రిప్పిరి. చిగురు తెరచి, లోని కుళ్లిన మెత్తని మాంసమును గీకి, వేరును రుద్ది, పొడియు గడ్డయు కలిపి నింపి, పైన కరగు తెర పఱచి కుట్టిరి. గంటకు పైగా పట్టినది. గీకు చప్పుడు పుఱ్ఱె లోపల వినబడుచుండును. అదియొక్కటే నాకు కష్టమనిపించినది. రెండువారములకు కుట్లు తీసిరి. అంతవరకు ఆ వైపు తోమరాదు, మందునీటితో పుక్కిలింపవలెను, గంజియు పెరుగన్నమును తప్ప తినరాదు. ముందుపంటిని ప్రక్కవానితో సన్నని తీగ పెట్టి వెనుకవైపున అతికించిరి.

తొమ్మిదిమాసములకు, కార్తికమున, మరల చిత్రము తీసిరి. బావివంటి గుంట సగమునకు పైగా తెల్లబారియున్నది. కొలత ఎనిమిదినుండి నాలుగునకు వచ్చినది. అంతయు నిండలేదు, అంతయు నిండునని ఆమెయు ముందు చెప్పలేదు. దవడపన్ను కదలుట లేదు. ముందుపన్ను తీగబలముననే నిలిచియున్నది. అది యెన్నాళ్లు నిలుచునని అడుగగా, ‘చెప్పలేను మాస్టారూ, మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకోండి’ అన్నది.

ఆ పున్నమినాడు మా తండ్రిగారి పుస్తకమునకు చుట్టిన బట్ట విప్పితిని. మంటపమున కాదు, ఇంటి అరుగుమీదనే. మా మనుమరాలు ఒక్కతె విన్నది. దశరథుడు సరిగానే వచ్చినాడు. ఫాల్గునమున మరల బెజవాడ పోవలసియున్నది.